సున్నాకి రాని కాటా

నూనె సీసాని కాటా మీద పెట్టి, అంకె ఆగేదాకా ఊపిరి బిగబట్టడం ఆ ఇల్లాలికి అలవాటైపోయింది. ఊపిరి వదిలితే అంకె మారుతుందని కాదు. వెనకాల ఆయన నిలబడి ఉంటాడు.

"ఎంత?"

"ఏడొందల ముప్ఫై."

మూకుట్లో కాస్త పోసి, సీసాని మళ్ళీ కాటా మీద పెట్టింది.

"ఏడొందల ఇరవై ఒకటి."

"తొమ్మిది గ్రాములు. ఎనభై ఒక్క క్యాలరీలు," అన్నాడాయన. "చెంచాతో కొలిస్తే చెంచా వీపుకి అంటుకున్న నూనె ఎవడి లెక్కలోకి పోతుంది? సీసాని తూచు. సీసా అబద్ధం ఆడదు."

సీసా అబద్ధం ఆడని మాట నిజమే. ఆ ఇంట్లో అబద్ధం ఆడుతున్నది వేరే ఉంది. అది పొయ్యి పక్కనే, గోడకి ఆనించి, అమాయకంగా మెరుస్తోంది.

వీధి చివర రేకుల షెడ్డులో ఆయన బాక్సింగ్ నేర్పుతాడు. అందరికీ మాస్టారే. ఉన్న ఒక్క కూతురు యాభై కిలోల తరగతిలో ఆడుతుంది. షెడ్డులో దాన్ని పిడుగు అంటారు. ఇరవై దాటిన పిల్ల, తన కంచంలో ఏం పడాలో తను చెప్పడానికి లేదు. ఆదివారం పోటీ. ఆ ఉదయానికి యాభై మీద ఒక్క గ్రాము కూడా ఉండకూడదు.

తూకంలో మాస్టార్ని తప్పు పట్టడానికి సందు ఉండేది కాదు. బియ్యం వండకముందు ఓసారి, వండాక ఓసారి తూచాలి. "వంద గ్రాముల బియ్యంలో మూడొందల యాభై క్యాలరీలు. అది ఎన్ని నీళ్ళు తాగి ఎంత ఉబ్బినా అవే మూడొందల యాభై. అన్నాన్ని తూచి బియ్యం లెక్క కట్టేవాడు గాడిద," అనేవాడు. బంగాళాదుంప తొక్క తీశాకే కాటా ఎక్కాలి. గుడ్డుని పెంకుతో తూచితే పెంకు నువ్వు తింటావా అని అడిగేవాడు. ఉడికాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేసి, మిగిలినదాన్ని వాటాలు వేసేవాడు. తన వాటా, కూతురి వాటా స్వయంగా పెట్టుకునేవాడు. గిన్నెలో మిగిలింది ఆవిడది. దాన్ని ఎవరూ తూచరు.

కాటాకి ఒకప్పుడు సున్నా మీట ఉండేది. ఖాళీ పళ్ళెం పెట్టి నొక్కితే పళ్ళెం బరువు మాయమై సున్నా కనబడేది. కాటా ఇంటికొచ్చిన మొదటి వారంలోనే, కూతురి బరువు దిగలేదన్న కోపంతో ఆయన దాన్ని ఒక్క గుద్దు గుద్దాడు. అత్త మీద కోపం దుత్త మీద. అద్దం పగల్లేదు గానీ, సున్నా మీట లోపలికి పోయి మళ్ళీ పైకి రాలేదు. బాగు చేయిద్దామండీ అని ఆవిడ అంటే, "నా బుర్రలో లేదా మీట?" అన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ప్రతి గిన్నె బరువూ ఆయనకి కంఠస్థం. కూతురి పళ్ళెం నాలుగొందల పన్నెండు గ్రాములు. కాటా చూపించిన అంకెలోంచి నాలుగొందల పన్నెండు తీసేస్తే తిండి.

ఆ నాలుగొందల పన్నెండు గ్రాముల పళ్ళెం ఇప్పుడు ఆవిడ కుట్టుమిషను సొరుగులో, తోలుముక్కల అడుగున ఉంది. గోడకి ఆనించి ఉన్నది వేరేది. అదే వెడల్పు, అదే అంచు, రేకు మాత్రం పల్చన. మూడొందల నలభై. ఒకరోజు తోమిన గిన్నెలు కాటా మీద బోర్లిస్తుంటే చేతికి తేడా తెలిసింది. అప్పటినుంచీ పూటకి డెబ్భై రెండు గ్రాముల తిండి మాస్టారి కళ్ళ ముందే, మాస్టారి చేత్తోనే, కూతురి కడుపులోకి పోతోంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. ఇక్కడ వడ్డించేవాడు మనవాడు కాడు. పళ్ళెం మాత్రం మనది.

అన్నం పెడుతున్నప్పుడు ఆయన ఒక మెతుకు ఎక్కువైతే గోటితో తీసి గిన్నెలో వేశాడు. ఆ మెతుకుని చూసి ఆవిడకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"రా, ఎక్కు," అన్నాడు కూతుర్ని. వసారాలో నేల కాటా ఉంది. పిల్ల చెప్పులు విడిచి ఎక్కింది. మోకాళ్ళ కింద ఎముక కర్రలా పొడుచుకొచ్చి ఉంది.

యాభై కిలోల ఆరొందలు. మొన్నా అంతే.

ఆయన మేకుకి వేలాడుతున్న పంచ్ ప్యాడ్, శిష్యుల గుద్దులు పట్టడానికి చేతికి తొడుక్కునే తోలు దిండు, తీసి, దాంతో పిల్ల చెవి మీద ఒక్కటి కొట్టాడు. గోడకి తగిలి ఆగింది పిల్ల. చెయ్యెత్తి అడ్డుకోలేదు. రింగులో ఎన్ని గుద్దులు వచ్చినా మెరుపులా లేచే ఆ చేతులు, ఇంట్లో లేవవు.

"ఎక్కడ తింటున్నావే?"

"ఎక్కడా తినట్లేదు నాన్నా."

"నా లెక్క తప్పా మరి?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లి చేతిలో గరిటె ఉంది. నోట్లో మాట ఉంది. ఆ మాట బయటికొస్తే పళ్ళెం పోతుంది. రాకపోతే పిల్లకి ఇంకో దెబ్బ. మింగలేక, కక్కలేక, ఆవిడ పొయ్యి కట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ షెడ్డుకి వెళ్ళింది. చిరిగిన ప్యాడ్లూ, గ్లవ్సూ, ఇసుక సంచులూ కుట్టేది ఆవిడే. బట్టలు కుట్టే మిషను తోలు మీద పనిచెయ్యదు. లావుపాటి సూదితో, మైనం పూసిన దారంతో, మునివేళ్ళతో లాగి లాగి కుట్టాలి. కొట్టేవాళ్ళు చింపుతుంటారు, ఆవిడ కుడుతుంటుంది. ఆ ప్యాడ్ అంచున కొత్తగా పిగిలింది పిల్ల చెవి మీదేనని ఆవిడకి తెలుసు. దానికి రెండు వరసలు ఎక్కువే కుట్టింది.

షెడ్డు లోపల రేకు వేడికి గాలి ఉడుకుతోంది. పిడుగు ఒంటికి నల్ల ప్లాస్టిక్ కోటు. చెమట పట్టడానికి. మెడ దగ్గర, మణికట్ల దగ్గర రబ్బరు బిగించి, లోపల చెమట చేరి, అడుగేస్తే జలజలమంటోంది. ఎదురుగా బరువైన కుర్రాడొకడు, మాస్టారి శిష్యుడు.

"మళ్ళీ!" అంటున్నాడు మాస్టారు.

పిల్ల ఎడమ, ఎడమ, కుడి విసిరింది. కుర్రాడు వంగి, పక్కటెముకల కింద ఒక్కటిచ్చాడు. పిల్ల నోటిలోంచి నీళ్ళలాంటిది వచ్చింది.

"మళ్ళీ!"

"మాస్టారూ, ఇక చాలేమోనండీ," అన్నాడు కుర్రాడు.

"నిన్నడిగానా? మళ్ళీ!"

రెండోసారి దెబ్బ దవడకి తగిలింది. పిల్ల మోకాళ్ళ మీదికి, ఆ మీద ముందుకి పడింది. పడ్డచోట చెంప నేలకి అతుక్కుపోయింది. కోటు మెడలోంచి చెమట కారి మడుగు కట్టింది. తల్లి చేతుల్లో ప్యాడ్లు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

మాస్టారు వంగి, కూతురి దవడ పట్టి నోరు తెరిచాడు. సంతలో గేదె పళ్ళు చూసినట్టు చూశాడు. వాసన చూశాడు. తర్వాత దాని సంచీ తెచ్చి నేల మీద బోర్లించాడు. తువ్వాలు, కట్లగుడ్డలు, దువ్వెన. దువ్వెనకి గుప్పెడు జుట్టు చుట్టుకుని ఉంది. తిండి లేదు.

"ఎక్కడ దాస్తున్నావే దొంగముండా!" అని ఖాళీ సంచీతోనే కొట్టాడు. సంచీకున్న ఇనప కొక్కెం కనుబొమ్మకి తగిలి అక్కడ చర్మం చీలింది. నెత్తురు కంట్లోకి దిగింది.

కుర్రాడు తల తిప్పుకున్నాడు. తల్లి తువ్వాలు తీసుకెళ్ళి కనుబొమ్మకి అదిమింది. గుడ్డ ఎర్రబడుతుంటే ఆవిడ లెక్క కట్టింది. ఆవిడకీ వచ్చిందిప్పుడు లెక్క. పూటకి డెబ్భై రెండు గ్రాములు, అది పిల్ల ఒంట్లో కండగా మారే లోపే దెబ్బగా మారుతోంది. పెడుతున్నది తను. తింటున్నది అది. తిండీ అదే తింటోంది, తన్నులూ అదే తింటోంది.

ఇంటికి రాగానే ఆవిడ సొరుగు లాగి, తోలుముక్కల అడుగునుంచి పాత పళ్ళెం తీసింది. కడిగి, తుడిచి, పొయ్యి పక్కన పెట్టింది. పల్చటిదాన్ని సొరుగులో పడేసింది.

సాయంత్రం మాస్టారు యథాప్రకారం తూచాడు. అంకె సరిగ్గా వచ్చింది. పెట్టి, తను తిని, ఎవరితోనో మాట్లాడాలంటూ బయటికి వెళ్ళాడు. పిల్ల పళ్ళెం ముందు కూర్చుని ముట్టుకోలేదు. పళ్ళాన్ని అరచేత్తో కాస్త పైకెత్తి, దింపింది.

"అమ్మా, ఇది బరువు పళ్ళెం కదా?"

తల్లి గుమ్మం వైపు చూసింది.

"నీకు తెలుసా?"

"మొదటి రోజే తెలుసు. నా చేతులకి బరువు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" కనుబొమ్మ మీద పట్టీ ఉబ్బి, ఆ కన్ను సగమే తెరుచుకుంటోంది. "పల్చటిదే పెట్టమ్మా."

"పెడితే బరువు దిగదే. దిగకపోతే ఆయన..."

"కొడతాడు. కొట్టనీ. దెబ్బ తింటే ఓ గంట నొప్పి. ఆకలైతే రోజంతా నొప్పి. రెండూ తూచి చూశాలే."

అంత తేలిగ్గా అంది, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు. తల్లికి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవలేదు. కూతురి తల ఒళ్ళోకి తీసుకుని, చిక్కు పడ్డ జుట్టు వేళ్ళతో విడదీసింది. వేళ్ళతో పాటే ఊడి వచ్చింది.

"మూడు నెలలైంది నీకు నెలసరి రాక," అంది తల్లి. "యాభై నాలుగు తరగతిలో ఆడకూడదా? డాక్టరమ్మ కూడా అదే అంది కదే."

"నాన్న ఒప్పుకోడు. యాభైలో అయితే మెడల్ ఖాయమంట. పైన కష్టమంట."

"నీకేమనిపిస్తుంది?"

పిల్ల ఒళ్ళోంచే పళ్ళెం వైపు చూసింది. "కడుపు నిండా తింటే ఎవర్నయినా కొట్టగలననిపిస్తుంది," అంది. అని, లేచి, తనే సొరుగు లాగి పల్చటి పళ్ళెం తెచ్చుకుంది. అన్నం అందులోకి ఒంపుకుని తల్లి వైపు చూసింది. తల్లి గిన్నెలో తన వాటాలోంచి గుప్పెడు తీసి పెట్టింది. ఆ గుప్పెడు ఎంతో కాటా అక్కర్లేకుండానే తెలుసు.

"నువ్వేం తింటావు?"

"నా సంగతి నీకెందుకు, తిను."

ఆకలి రుచి ఎరగదు. పిల్ల మూడు ముద్దల్లో ముగించింది.

ఆదివారం ఉదయం పోటీ జరిగే హాల్లో, దుస్తులు మార్చుకునే గదిలోనే తూకం. కాటా దగ్గర కళ్ళజోడావిడ కూర్చుని ఉంది. తలుపు దగ్గర తల్లి, చేతిలో అన్నం డబ్బాతో. తూకం అయ్యాక తినడానికి తెచ్చిందది. ముందు రోజంతా పిల్ల నీళ్ళు కూడా ముట్టలేదు. పెదవులు పగిలి నెత్తుటి చారలు కట్టాయి.

"యాభై కిలోల మూడొందల ఇరవై," అంది కళ్ళజోడావిడ. "గంట టైముంది. దించుకుని రండి. లేకపోతే యాభైలో పేరు కొట్టేస్తాను." ఆవిడ పక్క గదిలోకి వెళ్ళింది.

మాస్టారు ముందు ఉమ్మమన్నాడు. పిల్ల ఒక కప్పు పట్టుకుని ఉమ్మడానికి చూసింది. నోట్లో తడి లేదు. స్కిప్పింగ్ తాడు ఇచ్చాడు. కాళ్ళు తాడుకి తట్టుకుని రెండుసార్లు పడింది. అప్పుడాయన కిట్టు సంచీలోంచి కట్టు కత్తిరించే కత్తెర తీశాడు. పిల్ల జడ పట్టి వెనక్కి గుంజాడు.

"ఏమండీ! వద్దండీ!"

"నోర్మూయ్. బరువే కదా ఇదీ."

మొద్దు కత్తెర. ఒక్కసారికి తెగలేదు. నమిలినట్టు నమిలి నమిలి తెంపాడు. మెడ మీద రెండు చోట్ల చర్మం కూడా తెగింది. పిల్ల బల్ల అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది. అరవలేదు. తెగిన జడని ఆయన కాటా మీద పడేసి అంకె చూశాడు. నూటపది. అంత కోపంలోనూ తూకం మాత్రం మానలేదు మహానుభావుడు.

"ఇంకా రెండొందల పది." ప్యాడ్లు రెండు చేతులకీ తొడుక్కున్నాడు. "గ్లవ్స్ వేసుకో. కొట్టు. చెమట పట్టాలి. కొట్టవే! నేను తూచి పెట్టిన తిండికి నువ్వు నలభై తొమ్మిదిన్నర ఉండాలి! నా లెక్క తప్పదు! ఎక్కడ తిన్నావో చెప్పు, చంపేస్తాను!"

పిల్ల గ్లవ్స్ వైపు చెయ్యి చాపింది. పిల్ల మెడ మీంచి సన్నగా నెత్తురు దిగి బనీను మెడకి అంటుకోవడం తల్లి చూసింది. నోట్లో ఇన్నాళ్ళు నానిన మాట అప్పుడు బయటపడింది.

"ఇంట్లోనే తింది."

"ఏంటి?"

"మీ చేత్తోనే పెట్టారు. పళ్ళెం మార్చాను. నాలుగొందల పన్నెండు కాదది, మూడొందల నలభై. పూటకి డెబ్భై రెండు గ్రాములు. మీట మీరే పగలగొట్టుకున్నారు కదా."

మాస్టారు వెంటనే కొట్టలేదు. ముందు ఆయనకి లెక్క అడ్డమొచ్చింది.

"అబద్ధం. గిన్నె నేనే తూచాను. ఎప్పుడూ గ్రాము కూడా తేడా రాలేదు. అంత తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"గిన్నెలో మిగిలేది నా వాటా. దాన్ని మీరెప్పుడైనా తూచారా?"

ఆయన భార్యని చూశాడు. కంఠం కింద గుంటలు, మోచేతి దాకా జారిపోయిన గాజులు. ఇవన్నీ ఇవాళే వచ్చినట్టు చూశాడు. ఆ చూపు ఒక్క క్షణం ఏదో అయ్యేలా ఉండి, ఏమీ కాకుండానే కోపమైపోయింది. ప్యాడ్లు విదిలించి నేలకి కొట్టాడు. అన్నం డబ్బా లాక్కుని గోడకేసి విసిరాడు. డబ్బా సొట్టపోయి, మూత బిగుసుకుని, మూలకి దొర్లింది. పిడికిలి బిగించి, భుజం వెనక్కి లాగి, భార్య మొహం మీదికి విసిరాడు. షెడ్డులో నేర్పే గుద్దే, తేడా లేదు.

అది తల్లి మొహానికి తగల్లేదు. ప్యాడ్‌కి తగిలింది. ఠప్పుమని గదంతా మోగింది.

పిల్ల ఎప్పుడు వంగిందో, ఎప్పుడు నేలమీది ప్యాడ్లు తొడుక్కుందో ఇద్దరికీ తెలియలేదు. తల్లికి అడ్డంగా నిలబడి ఉంది. కాళ్ళు సరైన ఎడంలో, గెడ్డం లోపలికి, ప్యాడ్లు రెండూ మొహం ఎత్తుకి.

"మళ్ళీ," అంది.

"తప్పుకో!"

"మళ్ళీ నాన్నా."

ఆయన కొట్టాడు. కూతుర్నే కొట్టాడు, తల గురి చూసి. ప్యాడ్ ఆ గుద్దుని పట్టింది. ఎడమతో కొట్టాడు. ఇంకో ప్యాడ్ పట్టింది. పక్కటెముకల కిందికి తిప్పి కొట్టాడు. ప్యాడ్ కిందికి దిగి పట్టింది. తిండి లేని ఆ చేతులకి ఎక్కణ్ణుంచి వచ్చిందో బలం, అంగుళం కూడా వెనక్కి పోలేదు. తల్లి రెండు వరసలు ఎక్కువేసిన కుట్టు పటపటమంటూ గట్టిగా నిలిచింది.

"గార్డు దించుతున్నావు, చేతులెత్తు. మళ్ళీ."

ఆయన మొహం కందగడ్డ అయింది. కుడి, ఎడమ, కుడి. తిట్టబోయాడు గానీ తిట్టుకి ఊపిరి చాలలేదు. గుద్దులు ముందు గురి తప్పాయి. తర్వాత బరువు తప్పాయి. నుదుటి మీంచి చెమట కళ్ళలోకి కారింది. చొక్కా వీపుకి అతుక్కుంది. దించాల్సిన చెమటంతా ఆయనే దించాడు.

"మళ్ళీ," అంది పిల్ల. గొంతు పెంచలేదు. ఆయన రోజూ అనేంత గట్టిగా కూడా అనలేదు.

ఆయన చెయ్యెత్తాడు. అది సగం దాకా వచ్చి, ప్యాడ్ మీద ఆనుకుని ఆగిపోయింది. అలా ఆనుకునే కాసేపు ఆయాసపడి, వెనక్కి అడుగేసి, బల్ల మీద కూలబడ్డాడు.

తలుపు తోసుకుని కళ్ళజోడావిడ వచ్చింది. కాటా మీద జడనీ, బల్ల మీద మాస్టార్నీ, ప్యాడ్లతో నిలబడ్డ పిల్లనీ చూసింది. ఏం జరిగిందని అడగబోయి, పిల్ల మొహం చూసి మానుకుంది.

"టైమైందమ్మా. ఎక్కుతావా, కొట్టేయనా?"

"యాభైలో కొట్టేయండి. యాభై నాలుగులో రాయండి."

"కోచ్ ఒప్పుకోవాలి."

పిల్ల తండ్రి వైపు చూడలేదు. తల్లి చూసింది. మాస్టారు తల దించుకుని తన పిడికిళ్ళు చూసుకుంటున్నాడు. తల ఊపాడో, ఆయాసానికి ఊగిందో ఆయనకే తెలియాలి. కళ్ళజోడావిడ రాసుకుని వెళ్ళింది.

తల్లి మూలనుంచి డబ్బా తెచ్చింది. మూత ఇద్దరూ చెరోవైపు పట్టి లాగితే వచ్చింది. లోపల అన్నం ఒకవైపుకి ఒత్తుకుపోయి ఉంది గానీ, మెతుకు పోలేదు. పిల్ల ముందు సీసాడు నీళ్ళు మెల్లగా తాగింది. తర్వాత మూతలోకి అన్నం పెట్టింది. సగం కంటే ఎక్కువే పెట్టి తల్లి ముందుకి తోసింది.

"నాకెందుకే, ఆడేది నువ్వు."

"తిను. ఇవాళ తూకం నాది."

ఇద్దరూ నేల మీదే కూర్చుని తిన్నారు. బల్ల మీంచి మాట వచ్చింది, బొంగురుగా.

"గ్లవ్స్... నేను కడతాను."

ఎప్పుడూ ఆయనే కట్టేవాడు. పోటీకి ముందు కూతురి గ్లవ్స్ తాళ్ళు ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. పిల్ల చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంది. గ్లవ్స్ తొడుక్కుంది. లేచి, రెండు చేతులూ తల్లి ముందు చాపింది.

"అమ్మ కడుతుంది," అంది.

తల్లికి తోలు పని కొత్త కాదు. మునివేళ్ళతో తాడు లాగి, మణికట్టు చుట్టూ తిప్పి, ఊడకుండా రెండు ముళ్ళు వేసింది.